పేరు దొరికిన జ్వరం
వరంగల్ జిల్లా, 2003: చాందీపురా వైరస్ కథ



ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని మన సంఘం కార్యవర్గం వారు అడిగారు. వరంగల్ వాడు చరిత్ర అనగానే కాకతీయులో, వేయిస్తంభాల గుడో, రామప్పో రాస్తాడని మీరు అనుకోవచ్చు. వాటి గురించి రాయగలిగిన పండితులు మన ఊళ్లో చాలామంది ఉన్నారు. నేను సర్కారు కొలువులో గుమాస్తాగా చేరి, సూపరింటెండెంటుగా దిగిపోయినవాణ్ణి. కాబట్టి మన కళ్ల ముందే జరిగి, ఇరవై ఏళ్లు దాటగానే మనం సగం మరచిపోయిన ఒక చరిత్రను ఎంచుకున్నాను. అది ఒక జ్వరం చరిత్ర.

గుమాస్తా పని చేసినవారికి ఒక సంగతి చెప్పనక్కరలేదు. పేరు లేని దానికి ఫైలు ఉండదు. ఫైలు లేని దానికి పద్దు ఉండదు. పద్దు లేని దానికి పైసా రాలదు. రోగాల విషయంలోనూ ఇదే సూత్రం. మరణాల రిజిస్టరులో 'కారణం' అనే గడి ఒకటి ఉంటుంది. అందులో ఉత్త 'జ్వరం' అని రాస్తే లెక్క ముగిసిపోతుంది గాని జ్వరం ముగియదు. ఆ గడిలో సరైన పేరు పడడానికి ఎంతమంది ఎంత పాటుపడాలో, పేరు పడ్డ తరువాత కూడా ఇంకా ఎంత మిగిలి ఉంటుందో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కంటితో పట్టుకున్న రోగం

మన తరం వారు ఒకసారి చొక్కా చెయ్యి పైకి మడిచి చూసుకోండి. మోచేతికి పైన గుండ్రటి మచ్చ ఉంటుంది. అది మసూచికం టీకా మచ్చ. మన చిన్నతనంలో దాన్ని రోగం అనేవారు కాదు, 'అమ్మవారు పోసింది' అనేవారు. గుమ్మానికి వేపమండలు కట్టేవారు, పోచమ్మకు మొక్కుకునేవారు. టీకాలాయన ఊళ్లోకి వస్తున్నాడంటే పిల్లలం గడ్డివాముల వెనక దాక్కునేవాళ్లం.

మసూచికం కూడా వైరస్ వల్ల వచ్చే రోగమే. అప్పట్లో దానికీ మందు లేదు. అయినా దాన్ని భూమ్మీద లేకుండా చేశారు. భారతదేశంలో చివరి కేసు 1975 మే నెలలో అస్సాంలో కనిపించింది. 1980 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ రోగం లోకం మొత్తంలో అంతరించిందని ప్రకటించింది. ఇది సాధ్యం కావడానికి మంచి టీకా ఉండడం మొదటి కారణం. రెండో కారణం మనం అంతగా గమనించనిది. ఆ రోగాన్ని ఎవరైనా కంటితో చూసి గుర్తుపట్టవచ్చు. పొక్కులు ముఖం మీద, కాళ్లు చేతుల మీద ఎక్కువగా ఉండి, అరచేతుల్లో, అరికాళ్లలో కూడా లేచి, అన్నీ ఒకే దశలో ఉంటే అది మసూచికం. ఛాతీ మీద, వీపు మీద ఎక్కువగా ఉండి, కొన్ని పచ్చిగా, కొన్ని ఎండి ఉంటే ఆటలమ్మ. 1970లలో ఆరోగ్య సిబ్బంది మసూచికం సోకిన బిడ్డ బొమ్మ ఉన్న కార్డు పట్టుకొని, ఇలాంటి వారు ఎవరైనా ఉన్నారా అని ఇల్లిల్లూ తిరిగారు. కేసు చూపిన వారికి బహుమతి కూడా ప్రకటించారు. చివరికి అది వెయ్యి రూపాయల దాకా పెరిగింది. ఆ రోజుల్లో గుమాస్తాకు అది కొన్ని నెలల జీతం.

అంటే బడి పిల్లవాడు కూడా ఆ రోగానికి పేరు పెట్టగలిగాడు. పేరు పెట్టగలిగారు కాబట్టి ఎక్కడ ఉందో తెలిసింది, తెలిసిన చోట చుట్టూ టీకాలు వేసి దాన్ని కట్టడి చేశారు.

అన్ని వైరస్‌లూ అలా ముఖం మీద సంతకం పెట్టి రావు. బిడ్డకు తీవ్రమైన జ్వరం వచ్చి, వాంతులై, ఫిట్స్ వచ్చి, స్పృహ తప్పిందనుకోండి. అది మెదడుకెక్కిన మలేరియా కావచ్చు, బాక్టీరియా వల్ల వచ్చే మెదడు పొరల వాపు కావచ్చు, క్షయ కావచ్చు, దోమకాటుతో వచ్చే జపనీస్ మెదడువాపు కావచ్చు, హెర్పిస్ వైరస్ కావచ్చు. పైకి చూస్తే అన్నీ ఒక్కలాగే ఉంటాయి. వీటిలో కొన్నిటికి మంచి మందులు ఉన్నాయి, కొన్నిటికి లేవు. ఏ పుట్టలో ఏ పాము ఉందో కంటితో చెప్పలేము. అందుకే ప్రయోగశాల కావాలి.

వడపోతకు దొరకని పురుగు

పందొమ్మిదో శతాబ్దం చివర బాక్టీరియాను వడకట్టే పింగాణీ వడపోతలు వచ్చాయి. రోగంతో ఉన్న పొగాకు ఆకు రసాన్ని అందులో వడకట్టినా, ఆ రసం మళ్లీ రోగం కలిగిస్తూనే ఉందని 1892లో రష్యాలో ఇవనోవ్‌స్కీ చూపించారు. 1898లో హాలెండులో బైయరింక్ దానికి వైరస్ అన్న పేరు వాడారు. అలా దాన్ని మొదట చూసి కాదు, దొరకకపోవడాన్ని బట్టి కనుగొన్నారు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు 1930లలో వచ్చాక గాని అది మనిషి కంటికి ఆనలేదు.

వైరస్ తనంతట తాను పెరగదు, దానికి బతికి ఉన్న కణం కావాలి. మన పరిభాషలో చెప్పాలంటే సొంత ఇల్లు లేని కిరాయిదారు, చేరిన ఇంటినే కూల్చే కిరాయిదారు. కాబట్టి దాన్ని పట్టాలంటే గాజు సీసాలో జీవకణాలను పెంచి, రోగి రక్తాన్ని అందులో కలిపి, కణాలు చస్తున్నాయా అని చూడాలి. అందుకు రోజులు పడుతుంది. రెండో పద్ధతి, రోగి రక్తంలో ఆ వైరస్‌కు ఎదురుగా పుట్టిన యాంటీబాడీలను వెతకడం. ఇది దొంగను పట్టుకోవడం కాదు, దొంగ వచ్చి వెళ్లిన అడుగుజాడలు చూడడం. ఆ జాడ పడడానికి ఒంటికి కొన్ని రోజుల వ్యవధి కావాలి. మూడో పద్ధతి, వైరస్‌లోని జన్యు పదార్థాన్నే వెతికి లక్షల రెట్లు పెంచి చూడడం. దీన్నే పీసీఆర్ అంటారు. 1980లలో వచ్చింది. కోవిడ్ పుణ్యమా అని ఇప్పుడు ఆర్టీపీసీఆర్ అన్న మాట తెలియని ఇల్లు లేదు. ఈ మూడు పద్ధతులూ మన కథలో మళ్లీ వస్తాయి, గుర్తుంచుకోండి.

మన దేశంలో ఈ పని చేయడానికి భారత వైద్య పరిశోధన మండలి, అమెరికాకు చెందిన రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ కలిసి 1952లో పుణెలో వైరస్ పరిశోధన కేంద్రాన్ని నెలకొల్పాయి. 1957లో కర్ణాటకలోని శివమొగ్గ అడవుల్లో కోతులు చచ్చి, మనుషులకు జ్వరాలు వస్తే, క్యాసనూరు అడవి జ్వరం వైరస్‌ను కనుగొన్నది ఆ కేంద్రం వారే. 1978లో దానికి జాతీయ వైరాలజీ సంస్థ అని పేరు మారింది.

పేరు ఉంది, రోగం లేదు

1965లో మహారాష్ట్రలోని నాగపూర్ ప్రాంతంలో జ్వరాలు ప్రబలాయి. పుణె వారు రక్త నమూనాలు సేకరించి పరీక్షిస్తుండగా, ఇద్దరు రోగుల రక్తంలో అంతకు ముందు ఎవరూ చూడని వైరస్ ఒకటి దొరికింది. భట్, రోడ్రిగ్స్ అనే శాస్త్రవేత్తలు 1967లో దాన్ని ప్రకటించారు. నమూనా వచ్చిన ఊరి పేరునే దానికి పెట్టారు. ఆ ఊరు చాందీపురా.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద అది తుపాకీ గుండు ఆకారంలో ఉంటుంది. పిచ్చికుక్క కాటుతో వచ్చే రేబిస్ వైరస్ కూడా అదే ఆకారం, అదే కుటుంబం. బొడ్డు చుట్టూ పొడిపించుకున్న పద్నాలుగు ఇంజక్షన్లు మన తరంలో ఎవరు మరచిపోగలరు? ఆ రేబిస్‌కు దూరపు చుట్టం ఈ చాందీపురా. కాని దీన్ని అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. జ్వరం వచ్చి తగ్గిపోయే రకం అనుకున్నారు. 1970 నాటికి మహారాష్ట్రలో పట్టిన ఇసుక ఈగల్లో ఈ వైరస్ కనిపించింది. మెదడు దెబ్బతిన్న ఒక బిడ్డ రక్తంలో దొరికిందని 1983లో ఒక నివేదిక వచ్చింది. అంతటితో ఆ ఫైలు బీరువాలోకి చేరింది. పేరు ఉంది గాని, ఆ పేరుకు తగిన రోగం లేదన్నట్టుగా ఇరవై ఏళ్లు గడిచాయి.

రోగం ఉంది, పేరు లేదు

2003 సంవత్సరం వేసవి. లోకమంతా సార్స్ అనే కొత్త జబ్బు పేరు చెప్పి వణుకుతున్న రోజులు. చైనాలో, హాంగ్‌కాంగ్‌లో ఏం జరుగుతున్నదో మన పత్రికల్లో రోజూ వచ్చేది. జూన్ నెల వచ్చేసరికి మన ఇంట్లోనే మంట అంటుకుంది.

కరీంనగర్, వరంగల్ జిల్లాల పల్లెల్లోనూ, అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఇంకొన్ని జిల్లాల్లోనూ పిల్లలు ఉన్నట్టుండి జ్వరాన పడ్డారు. పొద్దున ఆడుకున్న బిడ్డకు మధ్యాహ్నానికి ఒళ్లు కాలిపోయేది. వాంతులు, ఆపైన ఫిట్స్. రాత్రికి స్పృహ తప్పేది. చాలామంది రెండు రోజులు తిరక్కుండానే పోయారు. తొమ్మిది నెలల పసిబిడ్డ మొదలుకొని పద్నాలుగేళ్ల పిల్లల దాకా ఇదే తీరు. పెద్దవాళ్లను ముట్టుకోలేదు.

పల్లె నుంచి మండల కేంద్రానికి, అక్కడి నుంచి వరంగల్ ఎం.జి.ఎం. దవాఖానకు, కొందరిని హైదరాబాదు నీలోఫర్ దవాఖానకు తెచ్చారు. 108 అంబులెన్సు అప్పటికి లేదు, అది 2005లో వచ్చింది. ఆర్టీసీ బస్సులో, ఆటోలో, జీపులో బిడ్డను ఒళ్లో పెట్టుకొని రావలసిందే. గంటల లెక్కన చంపే రోగానికి ఆ ప్రయాణమే సగం ప్రాణం తీసేది.

మా కార్యాలయంలో అప్పుడు అందరి నోటా అదే మాట. పల్లెల నుంచి వచ్చే అటెండర్లు, వాచ్‌మెన్లు సెలవు చీటీలు పెట్టి పిల్లలను చుట్టాల ఇళ్లకు పంపించుకున్నారు. ఒకరు నీళ్లలో విషం అన్నారు, ఒకరు పందుల వల్ల అన్నారు, ఒకరు అమ్మవారికి కోపం వచ్చింది అన్నారు. పేరు తెలియని రోగానికి పుట్టే పేర్లు ఇలాగే ఉంటాయి. వర్షాకాలంలో మెదడువాపు అంటే జపనీస్ రకమే అన్నది అప్పటిదాకా అందరికీ ఉన్న అలవాటు మాట. అయితే ఇది అంతకంటే వేగంగా చంపుతోంది.

జూన్ నుంచి ఆగస్టు దాకా లెక్క తేలింది. రోగం బారిన పడ్డ పిల్లలు 329 మంది. మరణించిన వారు 183 మంది. అంటే నూటికి 55కు పైగా. కాగితం మీద ఇది ఒక్క వరుస. ఆ వరుసలో 183 ఇళ్లు ఉన్నాయి.

పుణెలో జరిగిన పని

రోగుల రక్తం, గొంతులోంచి తీసిన నమూనా, వెన్ను నీరు పుణెకు పంపారు. ఈ పని రాసినంత సులువు కాదు. వెన్నులోంచి నీరు తీస్తే కాళ్లు పడిపోతాయని మన పల్లెల్లో గట్టి నమ్మకం. స్పృహలేని బిడ్డ వెన్నులో సూది గుచ్చుతామంటే ఏ తల్లి ఒప్పుకుంటుంది? ఒప్పించి తీసిన నమూనాను వెంటనే మంచులో పెట్టాలి. వేడి తగిలితే లోపలి వైరస్ నశిస్తుంది. సీసా మీద పేరు, వయసు, జ్వరం మొదలైన తేదీ, నమూనా తీసిన తేదీ సరిగ్గా ఉండాలి. మన శాఖల్లో టప్పాలు మీద ఒక అంకె తప్పితే కాగితం ఎక్కడికి పోతుందో మనకు తెలుసు. ఇక్కడ తప్పితే పోయేది కాగితం కాదు. వార్డులో సిస్టరు, ల్యాబులో టెక్నీషియను చక్కగా రాసిన చీటీ మీదనే శాస్త్రవేత్త పని అంతా నిలబడుతుంది.

పుణెలో మొదట తెలిసిన వైరస్‌లన్నిటి కోసం వెతికారు. అవి పొసగలేదు. జీవకణాలలో పెంచి చూస్తే ఆరుగురు పిల్లల నమూనాల నుంచి ఒక వైరస్ బయటపడింది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెడితే తుపాకీ గుండు ఆకారం. బీరువాలో పడి ఉన్న పాత ఫైలు అప్పుడు పైకి వచ్చింది. పోల్చి చూస్తే అది చాందీపురా. తొమ్మిదిమంది నమూనాలలో దాని జన్యు పదార్థం దొరికింది. వాటిలో అయిదింటిని చదివి 1965 నాటి వైరస్‌తో పోల్చితే 96.7 నుంచి 97.5 శాతం దాకా సరిపోయింది. మరణించిన ఒక బిడ్డ మెదడులోనూ ఆ వైరస్ జాడ దొరికింది. బతికి చెప్పలేని సాక్ష్యాన్ని ఆ బిడ్డ చనిపోయి చెప్పింది. ఈ ఫలితాలు 2004లో లండన్ నుంచి వెలువడే లాన్సెట్ అనే ప్రసిద్ధ వైద్య పత్రికలో అచ్చయ్యాయి.

ఆ వ్యాసంలో నన్ను ఆలోచింపజేసిన సంగతి ఒకటి ఉంది. యాంటీబాడీలు అంటే అడుగుజాడలు అని పైన చెప్పాను. జ్వరం వచ్చిన నాలుగు రోజుల తరువాత తీసిన రక్తంలోనే అవి ఎక్కువగా కనిపించాయి, మొదటి రోజుల్లో తీసిన రక్తంలో తక్కువ. కాని ఈ రోగం బిడ్డను రెండు రోజుల్లోనే తీసుకుపోతోంది. అంటే జాడ పడక ముందే ఇల్లు ఖాళీ. పాత పరీక్ష చేస్తే చనిపోయిన బిడ్డకు 'లేదు' అని వస్తుంది, బతికిన బిడ్డకు 'ఉంది' అని వస్తుంది. వైరస్‌నే పట్టే పద్ధతులు లేకపోతే ఈ రోగం ఎన్నేళ్లయినా పేరు లేకుండానే చంపుతూ ఉండేది. రోగ నిర్ధారణ విద్య ముందుకు పోవడం ఎందుకంత అవసరమో ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

పేరు మీద వచ్చిన తగవు

అందరూ ఈ పేరును వెంటనే ఒప్పుకున్నారా అంటే లేదు. హైదరాబాదు పిల్లల వైద్యులు కొందరు రోగుల మెదడు స్కాన్లు పరిశీలించి, ఇది అసలు మెదడువాపు కాదనీ, పెద్దలకు పక్షవాతం వచ్చినట్టుగా మెదడు రక్తనాళాలు దెబ్బతిన్న తీరు కనిపిస్తోందనీ వాదించారు. 329 మందిలో వైరస్ దొరికింది కొద్దిమందిలోనే కదా, మిగిలిన వారి సంగతి ఏమిటని ప్రశ్నించారు. అది న్యాయమైన ప్రశ్నే. ఆడిట్ అభ్యంతరం లాంటిది. అభ్యంతరం రాసినవాడు శత్రువు కాడు, లెక్క సరిగ్గా ఉండాలని కోరేవాడు.

దానికి జవాబు మళ్లీ మన ప్రాంతం నుంచే వచ్చింది. 2005 మే నుంచి 2006 ఏప్రిల్ దాకా ఉత్తర తెలంగాణలో ఇలాంటి లక్షణాలతో దవాఖానలో చేరిన 90 మంది పిల్లలను పుణె సంస్థ వారు వరుసగా పరిశీలించారు. వారిలోనూ సగానికి మించి మరణించారు. పరీక్షకు వీలైన నమూనాలలో దాదాపు సగంలో చాందీపురా నిర్ధారణ అయింది. అంటే 2003లో వచ్చి పోయిన గాలివాన కాదు, ఏటా మన పల్లెల్లో తిరిగే రోగమే అని తేలింది. 2004లో గుజరాత్‌లో వచ్చినప్పుడు మరణాలు నూటికి 75 దాటాయి. ఆ తరువాత మహారాష్ట్రలోని విదర్భలోనూ కనిపించింది.

పేరు దొరికితే ఒరిగిందేమిటి?

మందు లేని రోగానికి పేరు తెలిస్తే ఏం లాభం అని మీరు అడగవచ్చు. మా ఇంట్లో నా మనుమడు కూడా అదే అడిగాడు. లాభం ఉంది.

మొదటిది, శత్రువు ఎవరి భుజమెక్కి వస్తున్నాడో తెలిసింది. ఇది దోమ కాదు, ఇసుక ఈగ. దోమలో మూడో వంతు ఉంటుంది, చప్పుడు చేయదు, ఎగరడం కంటే గెంతడం ఎక్కువ. నిలిచిన నీళ్లలో కాదు, మట్టిగోడల నెర్రెల్లో, పశువుల కొట్టంలో, చెమ్మగా ఉన్న పేడమట్టిలో పెరుగుతుంది. పేరు తెలియక మురుగు కాలువల్లో ఎంత మందు కొట్టినా దానికి తగలదు. తెలిశాక చేయవలసిన పని వేరు. ఇంటి లోపల, కొట్టం గోడలకు మందు పిచికారీ చేయాలి, నెర్రెలు పూడ్చాలి.

రెండవది, వైద్యుడికి దారి తెలిసింది. వైరస్‌ను చంపే మందు లేకపోయినా ఫిట్స్ ఆపవచ్చు, మెదడు వాపు తగ్గించే మందు ఎక్కించవచ్చు, ఆక్సిజన్ ఇవ్వవచ్చు, ఊపిరి అందకపోతే వెంటిలేటరు పెట్టవచ్చు. ఇవన్నీ మొదటి గంటల్లో జరిగితే బిడ్డ బతికే అవకాశం పెరుగుతుంది. అదే లక్షణాలతో వచ్చే మలేరియాకు, బాక్టీరియా జ్వరానికి, హెర్పిస్‌కు మందులున్నాయి కాబట్టి వాటిని వేరు చేసి చూడడం కూడా ప్రాణాలు నిలిపేదే.

మూడవది, నిఘా. 2024 వానాకాలంలో గుజరాత్‌లో మళ్లీ ప్రబలింది. జూన్ ఆరంభం నుంచి ఆగస్టు 15 దాకా దేశంలో 245 మెదడువాపు కేసులు, 82 మరణాలు నమోదయ్యాయి. వాటిలో 64 కేసులు చాందీపురా అని పరీక్షల్లో నిర్ధారణ అయింది. ఇరవై ఏళ్లలో ఇదే పెద్దదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మరణాలు నూటికి 33. మన 2003 నాటి 55తో పోల్చి చూడండి. రెండు చోట్లా లెక్క కట్టిన తీరు ఒకటి కాకపోవచ్చు, అయినా ఈసారి రోగాన్ని పేరు పెట్టి పిలవడానికి నెలలు పట్టలేదు. మన ఊళ్లోనే కాకతీయ మెడికల్ కాలేజీలో వైరస్ పరీక్షల ల్యాబు ఏర్పడింది. 2020లో కోవిడ్ పరీక్షలు అక్కడే జరిగాయి. ఒకనాడు పుణె దాకా పోయిన సీసా ఇప్పుడు ములుగు రోడ్డు దాటి పోనక్కరలేని పరీక్షలు చాలా ఉన్నాయి.

మరి మందు ఎందుకు రాలేదు?

ఇక్కడ నా మనసులోని మాట చెబుతాను. కాలేయాన్ని తినేసే హెపటైటిస్-సి వైరస్‌ను 1989లో గుర్తించారు. 2013లో దాన్ని దాదాపు పూర్తిగా నయం చేసే బిళ్ల అమెరికాలో అనుమతి పొందింది. ధర ఒక్కో బిళ్లకు వెయ్యి డాలర్లు. 2015లో మన హైదరాబాదు నాట్కో కంపెనీకి దాన్ని చౌకగా తయారు చేయడానికి మన దేశంలో అనుమతి వచ్చింది. అంతకు ముందే 1997లో హైదరాబాదులో వరప్రసాద్ రెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్-బి టీకాను తయారు చేసి సామాన్యుడికి అందుబాటులోకి తెచ్చింది. కోవిడ్ వచ్చిన ఏడాదికే, 2021 జనవరిలో, హైదరాబాదు భారత్ బయోటెక్ వారి టీకాకు అనుమతి వచ్చింది. అందులో వాడిన వైరస్‌ను వేరు చేసి ఇచ్చింది పుణె సంస్థే.

అంటే మనకు తెలివి తక్కువ కాదు, ల్యాబులు తక్కువ కాదు. మన తెలుగు నేల మీదనే లోకానికి సరిపడా టీకాలు తయారవుతున్నాయి. చాందీపురాకు కూడా పుణెలో ఒక టీకాను తయారు చేసి ఎలుకల మీద పరీక్షించారు. అది మనుషుల దాకా రాలేదు. ఎందుకంటే ఈ రోగం విమానం ఎక్కి పోదు, పట్నంలో బంగళాల జోలికి పోదు. మట్టిగోడల ఇంట్లో, నేల మీద పడుకున్న బిడ్డను కుడుతుంది. ఒక ఏడాది వస్తుంది, నాలుగేళ్లు కనపడదు. కొనేవాడు లేని సరుకును ఏ వ్యాపారీ తయారు చేయడు, అది వారి తప్పని నేను అనను. అలాంటి చోటనే సర్కారు సొమ్ము పనికి రావాలి. పేరు దొరకడానికి 1965 నుంచి 2003 దాకా పట్టింది. మందుకూ అన్నేళ్లు పట్టకూడదని అడిగే హక్కు, ఆ 183 ఇళ్ల పక్కన బతికిన మనకు ఉంది.

తాతలకు, అవ్వలకు ఒక మాట

ఇప్పుడు పల్లెలో ఉన్న పెన్షనర్ల ఇళ్లలో, కొడుకులు కోడళ్లు పనికి పోతే మనుమలను చూసుకునేది మనమే. కాబట్టి ఈ నాలుగు సంగతులు గుర్తుంచుకోవాలని కోరుతున్నాను.

మే నుంచి సెప్టెంబరు దాకా పిల్లలకు ఒక్కసారిగా గట్టి జ్వరం వచ్చి, వాంతులు గాని, మత్తు గాని, ఫిట్స్ గాని ఉంటే రేపు చూద్దామని ఆగవద్దు. 108కు ఫోన్ చేసి పెద్ద దవాఖానకు చేర్చండి. ఈ రోగంలో రేపు అనేది ఉండకపోవచ్చు.

ఫిట్స్ వచ్చిన బిడ్డను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచా గాని, తాళంచెవి గాని, నీళ్లు గాని పెట్టవద్దు. గోరువెచ్చని నీళ్లతో ఒళ్లు తుడవండి. డాక్టరు చెప్పనిదే పిల్లలకు ఆస్పిరిన్ బిళ్ల వేయవద్దు.

ఇంటి గోడల నెర్రెలు సున్నంతోనో సిమెంటుతోనో పూడ్పించండి. పశువుల కొట్టం, పేడకుప్ప పిల్లలు పడుకునే చోటికి దూరంగా ఉంచండి. ఇసుక ఈగ మామూలు దోమతెర కన్నాల్లోంచి దూరుతుంది. సన్నని కన్నాల తెర, మందు అద్దిన తెర మేలు.

చివరిగా, దవాఖానలో వెన్ను నీరు తీస్తామంటే భయపడి బిడ్డను తీసుకొని వచ్చేయవద్దు. ఆ నాలుగు చుక్కలు మీ బిడ్డకు ఏ మందు పనికొస్తుందో చెబుతాయి. ఒకవేళ మందు లేని రోగమే అని తేలినా, దానికి ఒక పేరు పడుతుంది, ఒక లెక్క పడుతుంది, పక్క ఊరి బిడ్డకు ముందుగా హెచ్చరిక అందుతుంది. సర్వీసంతా రిజిస్టర్లు నింపిన మనకు ఒక్క గడి సరిగ్గా నింపడం విలువ ఏమిటో ఇంకొకరు చెప్పాలా!